పాట మనకోసం ఆగాలె గదా!

మొన్న డిసెంబరులో, సెమిస్టరు పరీక్షలు ఇంకా వారం రోజులున్నాయనగా, మా హాస్టలు గదిలో ఒక రాత్రి పెద్ద వాదం జరిగింది. కెమిస్ట్రీ నోట్సు మంచం మీద బోర్లా పడేసి నలుగురం రెండింటిదాకా గొంతులు చించుకున్నాం. రాజకీయాలు కావు, క్రికెట్టు కాదు, సినిమా అసలే కాదు. క్రిస్మసు పాటల ఆల్బములలో అన్నిటికంటె మంచిది ఏది, చెవిన పడకూడనిది ఏది అన్నదే తగువు. డిగ్రీ చదివే వాళ్ళకు ఇంతకంటె పని లేదా అని మా లెక్చరర్లు నవ్వుకోవచ్చు. నవ్వితే నవ్వారు గాని, ఆ వాదంలో నేను గెలిచిన చోటూ, ఓడిన చోటూ రెండూ చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా గదిలో ఒకడు ఖాజీపేట వాడు. వాళ్ళ తాత రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళింట్లో ఇప్పటికీ ఒక పాత రికార్డు ఉందట. జిమ్ రీవ్స్ అనే అమెరికా గాయకుడు 1963లో పన్నెండు క్రిస్మసు పాటలు పాడి విడుదల చేసిన రికార్డు అది. మరుసటి సంవత్సరం జులైలో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయాడు. మనిషి పోయి అరవై ఏళ్ళు దాటినా మన దేశంలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలలో డిసెంబరు నెల ఆ గొంతుతోనే మొదలవుతుంది. "క్రిస్మసంటే జిమ్ రీవ్స్. తక్కినదంతా లొల్లి" అని మావాడు ఒక్క ముక్కలో తీర్పు చెప్పేశాడు.

ఇంకొకడు మెదక్ వాడు. వాళ్ళ ఊరి చర్చి గురించి వేరే చెప్పనక్కర లేదు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ పాస్నెట్ దొర కట్టించిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అంత ఎత్తు కప్పు కింద పెరిగిన పిల్లవాడికి ఒంటి గొంతు ఎక్కడ ఆనుతుంది? నాలుగు స్వరాల బృందం ఉండాలి, వెనక ఆర్గన్ ఉండాలి. వాడికి గిట్టనిది బోనీ ఎం. వారి 1981 నాటి క్రిస్మసు ఆల్బం. బట్టల దుకాణం మొదలు బేకరీ దాకా అదే మోగుతుంటే ప్రభువు జన్మించినట్టు లేదు, తగ్గింపు ధరల అమ్మకం మొదలైనట్టు ఉందంటాడు.

మూడోవాడు భూపాలపల్లి వైపు వాడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం కాదు. కాని 'కరుణామయుడు' సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ పని పక్కన పెట్టి చూసేదట. 1978లో వచ్చిన ఆ సినిమాలో బాలసుబ్రహ్మణ్యం పాడినదానికి మించిన క్రిస్మసు పాట లేదని వాడి పట్టు. "ఓరి, అది సిలువ మోసేటప్పటి పాటరా, పుట్టినప్పటిది కాదు" అని మెదక్ వాడు. "ఏడుపొస్తే సాలదా, ఎప్పటిదైతే ఏంది?" అని వీడు. ఈ జవాబుకు మా ముగ్గురి దగ్గరా మారు మాట లేకపోయింది.

చివరకు నా వంతు వచ్చింది. "మా అవ్వ" అన్నాను. ముగ్గురూ నవ్వారు. అవ్వ ఆల్బం కాదట, లెక్కలోకి రాదట.

మాది డోర్నకల్ దగ్గర ఒక చిన్న ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. రెండున్నర ఎకరాల భూమి. పత్తి, మిర్చి, నీళ్ళు అందిన ఏడు కొంచెం వరి. 1912లో బిషప్పు అయిన అజరయ్య గారు, భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు, తన పీఠం పెట్టుకున్నది మా డోర్నకల్ లోనే. ఆయన తమిళదేశం మనిషి, తెలుగు నేర్చుకున్నాడు. 1939లో ప్రతిష్ఠ చేసిన ఆ పెద్దగుడిని చూస్తే ఒక కంటికి మసీదు గుమ్మటం, ఒక కంటికి దేవాలయం స్తంభాలు కనబడతాయి. మన నేల మీది క్రైస్తవుడు మన రాగంలోనే పాడుకోవాలని నమ్మిన మనిషి ఆయన. ఆ నమ్మకం మా ఊరి పెంకుటింటి మందిరం దాకా నడిచి వచ్చింది.

మా ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి. ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆ మహానుభావుడు కర్ణాటక సంగీతం తెలిసినవాడు. అయితే ఒక చిక్కు ఉంది. పుస్తకంలో రాగం పేరు ఉంది గాని స్వరాలు లేవు. బాణీ అచ్చులో లేదు, నోళ్ళలో ఉంది. మా అవ్వకు అక్షరం ముక్క రాదు, కాబట్టి రాగం పేరు కూడా రాదు. వాళ్ళమ్మ దగ్గర విన్నది, మందిరంలో ముసలమ్మల పక్కన కూచుని విన్నది, అంతే. గుంటూరు వైపు వాళ్ళు అదే కీర్తన పాడుతుంటే ఒకసారి ఫోనులో విన్నాను. మాటలు అవే, పాట వేరు. పుస్తకంలో చెప్పిన రాగానికి ఎవరు దగ్గరో తేల్చే విద్య నాకు లేదు.

అవ్వ పాట ఎత్తుకుంటే చూడాలి. ఒక చరణం అందించి ఆగుతుంది. వెనక అందరూ అందుకుంటారు. పత్తి ఏరి వచ్చి, చేతులు కడుక్కుని ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్ళు గడప దాటుతుంటే అదే చరణం మళ్ళీ ఎత్తుతుంది. ముసలి తాత ఒకాయన దగ్గితే ఆ దగ్గు అయ్యేదాకా చివరి అక్షరాన్ని సాగదీస్తుంది. కంజీర మోగించే మా చిన్నాయన కళ్ళు ఆమె నోటి మీదనే ఉంటాయి. ఇట్లా నలభై ఏళ్ళు నడిచింది.

అంతకు ముందు ఏడు క్రిస్మసుకు ఏం జరిగిందో చెప్తాను. ఇందులో దోషి ఎవరో కాదు, నేనే. ఊళ్ళో యువకులం చందాలు వేసుకుని సౌండు బాక్సు అద్దెకు తెచ్చాం. ఇంటర్నెట్లో దొరికిన ట్రాకులన్నీ పెన్‌డ్రైవులో వేసినవాణ్ణి నేను. పట్నంలో చదివే పిల్లవాడు గదా, నాకు తెలుసునని అందరి నమ్మకం. అవ్వ పాడే కీర్తనే ఒకటి, కీబోర్డు, ప్యాడ్సుతో కొత్తగా చేసిన ట్రాకు, అందులో ఉంది. అవ్వ సంతోషిస్తుందని అదే ముందుగా పెట్టి మైకు ఆమె చేతికిచ్చాను.

ట్రాకు శ్రుతి ఎవరో పట్నం గాయనిది. అవ్వ గొంతు అంత పైకి పోలేదు. కిందికి దిగి పాడబోయింది, అక్కడ కలవలేదు. రెండో చరణానికి ఊపిరి తీసుకునేలోపల ట్రాకు మూడోదానిలో ఉంది. ఆమె నోరు తెరిచి అట్లానే నిలబడింది. పిల్లలు ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. మైకు నా చేతికిచ్చి పోయి చాప మీద కూచుంది. "నీ పెట్టె ఆగుతలేదు బిడ్డా, నాకు దమ్ము సాలుతలేదు. పాటంటే మనకోసం ఆగాలె గదా!" అన్నది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ మనసులో ముల్లులాగా ఉంది.

ఆ రాత్రి నక్షత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మేమందరం పాడాం అనుకున్నాం. నిజానికి పాడింది పెట్టె. మేం పెదవులు కదిలించాం. బోనీ ఎం. బృందంలో ముందు నిలబడి గంతులు వేసిన మగమనిషి రికార్డులలో పాడనే లేదని, ఆ గొంతు వాళ్ళను తయారుచేసిన ఫ్రాంక్ ఫారియన్ దని తరువాత చదివాను. నవ్వొచ్చింది. మా ఊరి యువకులం నలభై మందిమి ఆ గంతుల మనిషిలాగే తయారయ్యాం. ఇంతకూ పదింటికి పెట్టె కట్టెయ్యవలసి వచ్చింది. 2000 సంవత్సరపు శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడుస్పీకరు మోగకూడదు. పెట్టె ఆగగానే వీధి నిశ్శబ్దమైపోయింది. మాలో ఒక్కడికి కూడా ఒక్క కీర్తన పూర్తిగా నోటికి రాదు!

సైన్సు విద్యార్థిని కాబట్టి హాస్టలుకు వచ్చి లెక్క వేశాను. ఒక స్థాయిలో పన్నెండు అరమెట్లు. నాలుగు మెట్లు దించితే పౌనఃపున్యం దాదాపు 0.79 వంతు అవుతుంది, అవ్వ గొంతుకు సరిగ్గా అతుకుతుంది. ఫోనులో అట్లా దించే సాధనాలు ఉన్నాయి, దించాను కూడా. శ్రుతి కుదిరింది. కాని దగ్గే తాత కోసం ఆగే ట్రాకును ఎట్లా తయారుచేస్తారో నాకు తెలిసిన ఫిజిక్సులో లేదు.

ఇదంతా విని ఖాజీపేట వాడు, "అంటే నీకు ఇంగ్లీషు పాటలంటే పడదన్నమాట" అన్నాడు. అట్లా కాదు. 1818లో ఆస్ట్రియా దేశంలో ఒక పల్లె చర్చిలో మొదటిసారి పాడిన 'సైలెంట్ నైట్' తెలుగులోకి వచ్చి ఎంతో కాలమైంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు దానిని ఎంత సాగదీశారంటే, గ్రూబర్ దొర వచ్చి వింటే తన పాటేనని గుర్తుపట్టడానికి కాసేపు పడుతుంది. అది ఇప్పుడు మాదే. ఇక తెల్లని మంచు కురిసే క్రిస్మసు కావాలని కలగనే పాట ఉంది చూశారూ, దానితో మాత్రం నాకు పేచీయే. మా ఇంట్లో మంచు పట్టిందంటే మామిడి పూత ఏమైపోతుందోనని బాపుకు నిద్ర ఉండదు.

నాకు అన్నిటికంటె అధ్వాన్నంగా తోచినది విదేశీ ఆల్బం కాదు, మనదే. పాత కీర్తనలు పదీ పదిహేను గుదిగుచ్చి, మధ్యలో ఊపిరి సలపకుండా తీన్‌మార్ దరువు బిగించి వదిలే 'నాన్‌స్టాప్' సంపుటాలు. తీన్‌మార్ అంటే నాకు చిన్నచూపు అనుకోకండి. మా తాత డప్పు కొట్టేవాడు. ఊరి చావులకూ, పెద్దల ఇండ్ల ముందర పండుగలకూ పిలిస్తే పోయి కొట్టి తీరవలసిన డప్పు. పిలుపు కాదు, అది వెట్టి. మందిరంలో చేరిన రోజున తాత దాన్ని అటక మీదికి ఎక్కించి మళ్ళీ దించలేదట. అందుకే మా మందిరంలోకి డోలక్ వచ్చింది, హార్మోనియం వచ్చింది, డప్పు మాత్రం రాలేదు. తాత చేతిని వదిలించుకున్న ఆ దరువు ఇప్పుడు మనుమడి పెన్‌డ్రైవులో తిరిగి వచ్చింది, కొట్టే చెయ్యి లేకుండా. తెలంగాణ ఉద్యమం డప్పుకు గౌరవం తెచ్చింది గదా, మనమే దించి కొడదామా అని బాపును అడిగాను. "మా నాయిన వద్దని పెట్టినదాన్ని నేను దించనా?" అన్నాడు. నాకు రెండువైపులా న్యాయం కనబడుతోంది. ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

నేను ఓడిన చోటు చెప్తానన్నాను. పరీక్షలయ్యాక ఊరికి పోతూ ఖాజీపేట వాడి జిమ్ రీవ్స్ పాటలు ఫోనులో ఎక్కించుకుని పోయాను. అవ్వ మిరపకాయలు తొడిమలు తీస్తుంటే పక్కన పెట్టి వినిపించాను, నచ్చవని నిరూపిద్దామని. రెండు పాటలు పనాపకుండా విన్నది. "ఈయన ఎవలో గని నిమ్మళంగ పాడ్తుండు" అన్నది. మూడో పాటకు సన్నగా కూనిరాగం కూడా తీసింది. అంతే, నా వాదం సగం కూలిపోయింది. ఆ గొంతు కిందిస్థాయిది, పరుగు లేదు, పక్కన ఇంకొకరు పాడుకునేంత చోటు ఉంది. దొర పాటైనా పెట్టెలో పాటైనా అది ఉంటే చాలునేమో. ఖాజీపేట వాడికి ఈ మాట ముఖాముఖీ చెప్పలేదు, ఈ సంచికలో చదువుకుంటాడు.

మొన్నటి క్రిస్మసుకు అయ్యగారితో మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాం. సగం రాత్రి పెట్టె, సగం రాత్రి కంజీర. యువకులలో కొందరు మూతి ముడిచారు. మా చెల్లెలైతే నన్ను ముసలోడివయ్యావంది. మొదటి కీర్తన అవ్వ ఎత్తుకుంది. మేం తప్పులు పాడాం, రెండుసార్లు ఆగిపోయాం, ఆమె ఆగి అందించింది.

సెలవుల్లో అవ్వ పాటలు ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఇరవైమూడు అయ్యాయి. మూడింటికి నడిమి చరణాల బాణీ ఆమెకే గుర్తు రాలేదు, ఆ బాణీ తెలిసిన మరో మనిషి మా ఊళ్ళో ఇప్పుడు లేరు. మన కాలేజీలో డోర్నకల్, గార్ల, కురవి వైపు నుంచి వచ్చే మిత్రులు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో ఇట్లాంటి అవ్వ ఉంటే, ఆ మూడు కీర్తనలు ఏవో చెప్తాను, ఒకసారి అడిగి చూడండి. ఎండాకాలం సెలవుల్లో సైకిలు మీదనైనా వస్తాను.