మొక్కల మందేగా!

మొన్న మా వదిన రాజమండ్రి నుంచి వచ్చింది. సంచీలోంచి చీరలకంటే ముందు సీసాలు బయటపడ్డాయి. శతావరి పొడి, అశోకపట్ట కషాయం, సోయా మాత్రలు! "ఇదేమిటి వదినా?" అంటే, "ముట్లుడిగి రెండేళ్లయింది గదమ్మా. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు నిద్దర లేదు. మొక్కల మందులేగా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యవుట" అంది.

ఎవరన్నారుట? గన్నేరుపప్పు మొక్కది కాదూ? ఉమ్మెత్తకాయ ఫ్యాక్టరీలో తయారవుతోందా?

ఈ మోజుకో కారణం లేకపోలేదు. హార్మోన్లు రెండు కలిపి ఏళ్ల తరబడి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని, 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. దాంతో ఎంతోమంది మొక్కల వైపు తిరిగారు. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలున్న మాట నిజమే. కాని ఆ మాత్రలతో ఆవిర్లు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదని 2013లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. బ్లాక్ కోహోష్ అనే మరో వేరు వాడినవారిలో కొందరికి లివరు దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. స్త్రీల వ్యాధులు నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు వెయ్యకూడదని మన దేశంలో 1954లోనే చట్టం వచ్చింది. అయితే మాత్రం, సీసాలు ఆగాయా?

మాటల్లో వదిన గొంతు తగ్గించి మరో సంగతి చెప్పింది. రెండు నెలలుగా అప్పుడప్పుడూ మళ్లీ రక్తం కనిపిస్తోందట. ఆ కషాయం దానికేనట! నా గుండె ఝల్లుమంది. ముట్లుడిగిన ఏడాది తరవాత ఒక్క చుక్క కనిపించినా ముందు డాక్టరుకి చూపించాలి. చాలామందిలో అది చిన్న కారణమే కావచ్చు, కొందరిలో గర్భసంచి క్యాన్సర్ కావచ్చు. మర్నాడే తీసుకెళ్లాను. స్కానింగు చేశారు, ముక్క పరీక్షా చేశారు. అదృష్టం, చిన్న కండ పెరిగిందని తీసేశారు. కషాయం తాగుతూ మరో ఏడాది కూర్చుని ఉంటే?

"అన్నయ్యకి చెప్పావా?" అన్నాను. "మగాళ్లకేం చెబుతాం!" అంది.

నా కోపం మొక్కల మీద కాదు. మన గోదావరి జిల్లాల్లో పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి దంచుతాం, పేరంటం పిలుస్తాం. పురుడొస్తే కాయం తినిపిస్తాం. అదంతా ఆగిపోయే రోజున మాత్రం "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగే దిక్కుండదు. ఆ మౌనంలోనే సీసాలవాడు దుకాణం తెరిచాడు.

నువ్వులు తినండి, సోయా వండుకోండి, ఎవరూ వద్దనరు. కాని సీసా మూత విప్పేముందు, అమ్మా, ఒక్కసారి నోరు విప్పండి.