‘చంటబ్బాయి’ చూడదగిన చిత్రమే



1986లో వచ్చిన ‘చంటబ్బాయి’ చిత్రం గురించి మన సభ్యుల్లో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. చిరంజీవి ఫైటింగులు చెయ్యకుండా నవ్విస్తూ తిరిగితే అదేం సినిమా అని కొందరు. సంఘం పత్రికలో నవ్వుల సినిమాకు చోటెందుకని మరికొందరు. మేము ఇద్దరితోనూ ఏకీభవించము.

మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలను జంధ్యాల తెరకెక్కించారు. చిరంజీవి పాండురంగారావు అనే ప్రైవేటు డిటెక్టివు. మనలాగే జీతానికి పనిచేసే మనిషి. గొప్పలు చెప్పుకుంటాడు, చాప్లిన్ వేషం వేస్తాడు, ఆడవేషమూ వేస్తాడు. కవిత్వంతో పత్రికవాళ్ళను హడలగొట్టే శ్రీలక్ష్మిని చూసి మేమూ బాగా నవ్వాము. (ఈ పత్రికకు పాటలు పంపే సభ్యులు తప్పుగా అనుకోవద్దు, పంపుతూనే ఉండండి.)

మాకు నచ్చిన సంగతి వేరే ఉంది. సుహాసిని వేసిన జ్వాల ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల. చేయని నేరం ఆమె మీద పడుతుంది. పాండురంగారావు ఆమెను నమ్మి పనిలోకి దిగుతాడు. ప్రేమించాడు గనుక నమ్మాడంటారా? మిల్లులో ఇన్నేళ్ళు ఒళ్ళు వంచి పనిచేసిన మనిషిని నమ్మడానికి ఆమె హాజరు పుస్తకం చాలదా?

మన ఉడుమలైపేట వైపు ఒక మిల్లులో నూలు కోన్లు తక్కువ వచ్చాయని వైండింగులో పనిచేసే అమ్మాయిని సస్పెండు చేశారు. ముందుగా వెతికింది ఆమె టిఫిను సంచినే. డిటెక్టివు ఎవరూ రాలేదు. సంఘం తరఫున మేమే పోయి వైండింగు చీటీలనూ ప్యాకింగు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాము. రాత్రి షిఫ్టు కోన్లు ప్యాకింగుకు చేరాయి, పుస్తకంలో ఎక్కలేదు. అంతే. అది తేలేటప్పటికి నాలుగు నెలలు గడిచాయి. సినిమాలో అయితే ఇంటర్వెల్ లోపలే తేలిపోయేది.

ఆ నాలుగు నెలలూ పొయ్యి వెలగాలి గదా. తమిళనాడు ప్రభుత్వం 1981లో తెచ్చిన జీవనభృతి చట్టం ప్రకారం సస్పెన్షనులో మొదటి 90 రోజులకు సగం జీతం, 180 రోజుల వరకు ముప్పాతిక, ఆపైన పూర్తి జీతం. అడగనిదే యాజమాన్యం ఇవ్వదు. మెమో అందినవారు జవాబు రాయకముందే సంఘం ఆఫీసుకు రండి.

సినిమా ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది. సెలవునాడు ఇంటిల్లిపాదీ చూడండి. చంటబ్బాయి ఎవరో చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పకండి.