ప్రయోగం లేని విజ్ఞానపాఠం

మన బస్తీల పిల్లలు విజ్ఞానశాస్త్రంలో ఎందుకు వెనుకబడుతున్నారన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా పేదరికం, ఇంటి వాతావరణం, భాష అనే మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. నాలుగో కారణాన్ని మాత్రం ఎవరూ ప్రస్తావించరు. సామాజిక సేవలో భాగంగా నేను వెళ్లిన ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో పదో తరగతికి చేరినా తమ చేతులతో ఒక్క ప్రయోగం చేయని పిల్లలే ఎక్కువ. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని వారు కంఠస్థం చేస్తారు. అలా ప్రయాణించడాన్ని మాత్రం ఎన్నడూ చూడరు.

ఇది ఎంతటి విషాదమో గ్రహించాలంటే ఇబ్నుల్ హైసమ్‌ను తలచుకోవాలి. బస్రాలో పుట్టిన ఆ విద్వాంసుడు వెయ్యేళ్ల క్రితం కాంతిని చీకటిగదుల్లో, సన్నని రంధ్రాల ద్వారా పరీక్షించాడు. పూర్వుల మాటను పరీక్షించకుండా అంగీకరించరాదన్నది ఆయన పద్ధతి. ఆయన పేరును సభల్లో గర్వంగా చెప్పుకునే మనం ఆయన పద్ధతిని మాత్రం మన పిల్లలకు అందించలేకపోయాం.

ఆ పద్ధతికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. ఒక చెప్పుల పెట్టెకు ఒకవైపు సూదితో రంధ్రం చేసి, ఎదుటివైపు నూనె రాసిన కాగితం అతికిస్తే చాలు. గది చీకటి చేసి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఎదుట కొవ్వొత్తి వెలిగిస్తే, కాగితంపై జ్వాల తలకిందులుగా కనిపిస్తుంది. పసుపు పూసిన కాగితంపై పాన్ డబ్బాలోని సున్నపు నీరు చుక్క వేస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసం వేస్తే ఆ ఎరుపు పోయి పసుపు రంగు తిరిగి వస్తుంది. ఆమ్లం, క్షారం అనే రెండు పదాలు ఆ పిల్లకు ఇక జీవితాంతం గుర్తుంటాయి.

ఇటువంటి బోధన మన దేశానికి కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ పాఠశాలలతో మొదలైన కార్యక్రమం స్థానికంగా దొరికే వస్తువులతోనే విజ్ఞానశాస్త్రం నేర్పింది. ఆ కార్యక్రమంలో పాలుపంచుకున్న అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, పారవేసిన వస్తువులతో చేసే ప్రయోగాల పుస్తకాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. మన కుప్పంలో కేంద్రం ఉన్న అగస్త్య ఫౌండేషన్ వాహనాల్లో ప్రయోగ సామగ్రిని గ్రామాలకు తీసుకువెళుతోంది. అంటే సామగ్రి ఉంది. అది మన పాఠశాలల గడప దాటి లోపలికి రావడం లేదు.

రప్పించే మార్గం చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ప్రతి తరగతికీ అవసరమైన బోధనోపకరణాలు సమకూర్చాలి; ఆరు నుండి ఎనిమిది తరగతులకు విజ్ఞానశాస్త్రం, గణితం బోధించే ఉపాధ్యాయుడు ఉండాలి. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. కాని మన తల్లిదండ్రుల్లో చాలామంది అక్కడ సంతకం పెట్టి వస్తున్నారే తప్ప నోరు విప్పడం లేదు. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిగా ఒక మాట చెబుతాను: నోటిమాట ఫైలెక్కదు. ప్రయోగ సామగ్రి కావాలన్న తీర్మానం రాయించండి, దానిని మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక భాష సంగతి. 1917లో హైదరాబాద్‌లో ఏర్పడిన దారుత్తర్జుమా విజ్ఞాన, వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఆ బలంతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్యను బోధించింది. కాబట్టి ఉర్దూలో విజ్ఞానం సాధ్యం కాదనేవారి వాదన నిలవదు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మన డిగ్రీ విద్యార్థులు నెలకు రెండు ప్రయోగాల సూచనలను సులభమైన ఉర్దూలో రాసి ఇస్తే, ఏడాదిలో ఒక తరగతికి సరిపడే పుస్తకం తయారవుతుంది.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనవసరం లేదు. మనం చేస్తున్నామని ప్రభుత్వాన్ని వదిలిపెట్టనూ కూడదు. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు తమ బస్తీ పాఠశాలకు ఒక ప్రయోగాల పెట్టె అందించాలి. అందులోని వస్తువులను బాలురతో సమానంగా బాలికల చేతికీ ఇవ్వాలి. ఆకాశాన్నీ భూమినీ పరిశీలించి ఆలోచించమని ఖురాన్ పదే పదే చెబుతుంది. పరిశీలించే అవకాశమే లేని తరగతి గదిలో మన పిల్లలను కూర్చోబెట్టి, వారి నుండి ఆలోచనను ఆశించడం న్యాయం కాదు.