డబ్బా చూల్హా, కొండ నిప్పు

తలకోన సఫర్ కోసం మా భాంజా కూల్‌డ్రింక్ డబ్బా కోసి, చిల్లులు పొడిచి, స్పిరిట్ పోసి చూల్హా చేశాడు. చాయ్ మరిగింది, మాషాఅల్లాహ్! "మామూ, దుకాణంలో గ్యాస్ చూల్హా కొనడం ఫుజూల్ ఖర్చు" అన్నాడు.

బరువు తక్కువే, నిజమే. కానీ స్పిరిట్ మంట ఎండలో కంటికి ఆనదు. ఆరిందనుకుని మళ్లీ పోస్తే సీసాకే అంటుకుంటుంది. ఒరిగితే మంటే పారుతుంది. కొన్నదానికి తిప్పి ఆపే నాబ్ ఉంది. నేను పైసలిచ్చేది దానికే.

అయినా అడవిలోకి రెండూ వద్దన్నాను. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడితే వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడమే జుర్మ్. "డాబా మీద కాచి థర్మాస్‌లో పోసుకో బేటా" అన్నాను.

ముఖం ముడుచుకున్నాడు. వాళ్ల అమ్మీ కట్టిచ్చిన ఖీమా పరాఠాలు మాత్రం తలకోనలో అందరికంటే ముందు వాడే విప్పాడు.