మోకు మీద నిలిచే మనిషి

పిల్లలూ! తాటిముంజలు మీలో చాలామంది తినే ఉంటారు. తాటిబెల్లం కూడా రుచి చూసి ఉంటారు. తాటిచెట్టు యాభై, అరవై అడుగులు పెరుగుతుంది. పట్టుకుని ఎక్కుదామంటే దానికి కొమ్మలు ఉండవు. మరి ఆ తీపి అంతా కిందికి ఎలా వస్తున్నది? దాన్ని దించి తెచ్చే గీతపనివాణ్ణి గురించి ఈ నెల చెప్పుకుందాం. తెలంగాణ పల్లెల్లో అతన్ని "గౌడన్నా" అని పిలుస్తారు.

చాలామంది గీతపనివాళ్ళకు పైన యజమాని ఉండడు, నెలజీతమూ ఉండదు. "అయితే ఇష్టం వచ్చినప్పుడు సెలవు తీసుకోవచ్చునే!" అంటారేమో. అదే కుదరదు. సెలవు ఇవ్వనిది ఎవరో తెలుసునా? చెట్టే!

ఎందుకో చూడండి. తాటాకులు ఎండలో తయారుచేసిన చక్కెర, నీటిలో కరిగి పూతకూ కాయలకూ పోతూ ఉంటుంది. గీతపనివాడు ఇంకా విచ్చుకోని పూగెలను కట్టి, కొన్నాళ్ళు మెల్లగా తట్టి మెత్తబరుస్తాడు. తరవాత పదునైన కత్తితో దాని కొసను పల్చగా చెక్కుతాడు. అక్కణ్ణించి తియ్యని నీరు చుక్కచుక్కగా కారుతుంది. దాని కింద లొట్టి, అంటే చిన్న కుండ, కడతాడు. ఆ తియ్యని నీరే నీరా. దానిలో నూటికి పది పాళ్ళకు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది.

మన వేలు తెగితే కాసేపటికి నెత్తురు గడ్డకట్టి గాయం మూసుకుంటుంది కదా? గెల కూడా అంతే. చెక్కినచోటు మూసుకుపోతుంది, ధార ఆగిపోతుంది. అందుకని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి మళ్ళీ చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. కొన్నాళ్ళు మానేస్తే ఎండిపోతుంది. చెట్టు తలలో ఉండేది ఒక్కటే మొవ్వు. కత్తి తప్పి అది చెడితే చెట్టే చచ్చిపోతుంది. తాటిచెట్టు పూతకు రావటానికి 12 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళ చెట్టు ఒక్క పొరపాటుతో పోయినట్టే!

ఇంకొక తొందర కూడా ఉన్నది. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని, కొద్ది గంటల్లోనే నీరాను పులియబెడతాయి. అప్పుడది కల్లు అవుతుంది. అది పిల్లలకు పనికిరాదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు. ఆ నీరాను కాచితే తాటిబెల్లం వస్తుంది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఒక మనిషి యాభై అడుగుల చెట్లు పదిహేను, రోజుకు రెండేసిసార్లు ఎక్కాడనుకోండి. మొత్తం 1,500 అడుగులు! ఢిల్లీలోని కుతుబ్ మీనారు ఎత్తు సుమారు 238 అడుగులు. అంటే దాన్ని ఒక్కరోజులో ఆరుసార్లు, అదీ మెట్లు లేకుండా ఎక్కినట్టు!

అతన్ని చెట్టుమీద నిలిపేది మోకు. చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు అది. అతడు వెనక్కి వాలితే మోకు చెట్టును గట్టిగా ఒత్తుతుంది. పాదాలు ఇటువైపు ఒత్తుతాయి. ఆ ఒత్తిడివల్ల పుట్టే రాపిడే అతన్ని జారకుండా ఆపుతుంది. మీరూ చూడవచ్చు. ఒక పుస్తకాన్ని గోడకు ఆనించి అరచేతితో గట్టిగా నొక్కండి, నిలుస్తుంది. చెయ్యి వదులు చేయండి, జారిపోతుంది. మోకును పైకి జరపటానికి వదులు చేసే క్షణం అటువంటిదే. ప్రతి చెట్టుకూ అటువంటి క్షణాలు ఎన్నో!

వాన కురిస్తే చెట్టు జారుతుంది. ఎండకూ వానకూ మోకు పేటలు లోపల చివికిపోతాయి. పైన కాలు పెట్టిన ఎండుమట్ట ఊడిరావచ్చు. మట్టల అంచులు రంపంలా కోస్తాయి. ఆకుల మాటున కందిరీగలో, పామో ఉండవచ్చు. నేలమీద అయితే పరుగెత్తుతాం; మోకులో ఉన్నవాడు ఎక్కడికి పరుగెత్తుతాడు? కాలు జారి మోకులో తలకిందులుగా వేలాడినవాణ్ణి దించాలంటే, చెట్టెక్కటం వచ్చిన మరో మనిషి రావాలి.

ఇలా పడి ప్రాణాలు పోయినవాళ్ళూ, నడుము విరిగి మంచాన పడినవాళ్ళూ ఉన్నారు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో "కాటమయ్య రక్షణ కవచం" అనే సామగ్రిని ఇవ్వటం ప్రారంభించింది. కాటమయ్య గీతపనివాళ్ళు కొలిచే దేవుడు. కాలు జారినా మనిషి నేలమీద పడకుండా పట్టి ఆపటమే ఆ కవచం పని. కొత్త తాళ్ళకు చెయ్యి అలవాటు కావాలి గనక శిక్షణ కూడా ఇచ్చారు. "మా తాత మోకుతోనే ఎక్కాడు, నాకెందుకు?" అనటం ధైర్యం కాదు. ఎక్కేముందు రోజూ తాడును పేటపేటా తడిమి చూసుకునేవాడే తెలివైన పనివాడు.

పిల్లలూ, ఒక్క మాట గుర్తుంచుకోండి. చెట్టుమీదినుంచి ఎవరైనా పడితే కాళ్ళూ చేతులూ పట్టి లేవనెత్తకూడదు, కూర్చోబెట్టకూడదు. వెన్నెముక దెబ్బతిని ఉంటే, కదిలించినకొద్దీ ఎక్కువ చెడుతుంది. కదలకుండా పడుకోబెట్టి ఉంచి, పెద్దవాళ్ళను కేకవేసి, 108కి ఫోను చేయించండి. ఈసారి ముంజలు తింటున్నప్పుడు ఈ సంగతి మీ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి. వచ్చే నెల మరొక పనివాణ్ణి గురించి తెలుసుకుందాం.