రైలు కబుర్లు – ఇంటి దుఃఖాలు

మౌలాలి అనగానే చాలామందికి ముందుగా గుట్ట గుర్తుకు వస్తుంది. ఆ గుట్ట పాదాన మాహ్ లఖా బాయి చందా తన తల్లి కోసం 1792లో కట్టించి, 1824లో తానూ వచ్చి చేరిన సమాధి మందిరం గుర్తుకు వస్తుంది. రైల్వే కుటుంబాల వారికి మాత్రం మౌలాలి అంటే డీజిల్ లోకో షెడ్డు, గూడ్స్ బండ్ల యార్డు, జోనల్ శిక్షణ సంస్థ. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదు దాకా వచ్చిన నిజాం రైలు మార్గం 1889 నాటికి కాజీపేట మీదుగా బెజవాడ చేరింది. ఆ దారిలోనిదే మౌలాలి. ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, డ్రైవర్లు, పాయింట్స్‌మన్లు తరాలుగా ఇక్కడా, పక్కనున్న లాలాగూడ, మల్కాజిగిరి ప్రాంతాలలోనూ కాపురాలు చేశారు. వారిలో మన ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కాదు.

ఈ ప్రాంతంలో అసర్ నమాజు తరువాత టీ హోటల్ ముందు బెంచీల మీద చేరే ఒక రకపు మనుషులను పాఠకులు చూసే ఉంటారు. వారిలో రిటైరైన డ్రైవరు ఉంటాడు. రైల్వేలో ఒక్కరోజు కూడా పనిచేయని దుకాణదారు ఉంటాడు. మెడలో కెమెరా వేసుకున్న ఇంజనీరింగ్ విద్యార్థి ఉంటాడు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలిసే ఉంటారు. వారిని కలిపేది ఒక్క రైలే. ఇటువంటి అభిమానులు దేశమంతటా ఉన్నారు. విదేశాలలో స్థిరపడిన కొందరు భారతీయులు 1989లోనే మన రైళ్ల అభిమానుల సంఘం ఒకటి స్థాపించుకున్నారు.

వారి సంభాషణ కొత్తవారికి అంతుపట్టదు. “ఈ రోజు గోదావరికి ఏ ఇంజన్ వచ్చింది భాయ్?” అని ఒకరు అడుగుతారు. “లాలాగూడ షెడ్డుదే, మామూలుగా” అని మరొకరు పెదవి విరుస్తారు. ఆ గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు 2024 ఫిబ్రవరి 1న యాభై ఏళ్లు నిండినప్పుడు సొంత ఇంట్లో శుభకార్యం జరిగినట్లు సంతోషించినవారు వీరు. పాత డీజిల్ ఇంజన్ డబ్ల్యు.డి.ఎం.-2 ప్రస్తావన వస్తే ఇక చాయ్ చల్లారిపోతుంది. అందులో ‘డబ్ల్యు’ బ్రాడ్ గేజికి గుర్తు, ‘డి’ డీజిల్‌కు, ‘ఎం’ ప్రయాణికుల బండికీ గూడ్స్ బండికీ పనికివచ్చేదనడానికి గుర్తు. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నమూనా అది. తొలి ఇంజన్లు 1962లో ఓడల మీద వచ్చాయి. 1964 నుంచి వారణాసి కర్మాగారంలో తయారు కాసాగాయి. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి. బయలుదేరే ముందు అది వినిపించే లయను నోటితో అనుకరించగల పెద్దమనుషులు మౌలాలిలో ఇంకా ఉన్నారు. తీగల కింద నడిచే విద్యుత్ ఇంజన్లు వచ్చాక ఆ చప్పుడు అరుదైపోయిందని వారి బెంగ.

యువకులకు ఒక మాట ఇక్కడే చెప్పి ముందుకు సాగుతాము. ఫోటో కోసం పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. పైనున్న తీగలో ప్రవహించేది 25 వేల వోల్టుల విద్యుత్తు. ప్లాట్‌ఫారం మీద నిలబడి తీసిన ఫోటోలో కూడా ఇంజన్ అందంగానే ఉంటుంది.

ఇదంతా కాలక్షేపమే కదా, వ్యర్థ ప్రసంగాలకు దూరంగా ఉండమని ధర్మం చెబుతున్నది కదా అని కొందరు సోదరీమణులు మాకు వ్రాస్తుంటారు. ఇంట్లో పెదవి విప్పని మనిషి టీ హోటల్ దగ్గర గంటల తరబడి ఎలా మాట్లాడగలుగుతున్నాడన్నది వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉన్నది. ఇంటి పనులు వదిలి, నమాజు వేళలు మరచి బండ్ల వెంట తిరిగే అభిరుచిని మేము సమర్థించము. అయితే ఆ బెంచీల మీది మాటలను కొంచెం ఓపికగా విన్నవారికి ఒక విషయం తెలుస్తుంది. అక్కడ ఇంజన్ గురించి మొదలైన మాట ఇంజన్ దగ్గరే ఆగదు.

ఒక డ్రైవరు సంగతి చెబుతాము. ఆయన ఉద్యోగంలో చేరిన రోజులలో ఇళ్లలో ఫోన్లు లేవు. డ్యూటీ పడినప్పుడు కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని అర్ధరాత్రి తలుపు తట్టేవాడు. భర్త సంతకం పెట్టే లోపల భార్య స్టవ్ వెలిగించేది. రన్నింగ్ రూములో వండించుకోవడానికి బియ్యం, పప్పు, మసాలా పొట్లాలు కట్టి లైన్ బాక్సులో సర్దేది. ఆ ఇనుప పెట్టెలో దీపం, జెండాలు, రూల్స్ పుస్తకం, ఒక జానమాజ్ ఉండేవి. పండుగ నాడు అతడు ఇంట్లో ఉంటాడో, బల్లార్షాలో ఉంటాడో ఆమెకు తెలిసేది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇల్లు అలాగే నడిచింది.

రిటైరైన కొద్ది సంవత్సరాలకు ఆమె మరణించింది. ఆయన కొన్ని వారాలు బెంచీ దగ్గరకు రాలేదు. వచ్చిన రోజున ఎవరికీ ఏమి మాట్లాడాలో తోచలేదు. చివరకు వారిలో చిన్నవాడు, ఆ విద్యార్థి, “చాచా, మీరు రాత్రి డ్యూటీకి ఎన్ని గంటలకు లేచేవారు?” అని అడిగాడు. “నేను లేచేవాణ్ని కాదు బేటా, మీ చాచీ లేపేది. ఇప్పుడు రెండు గంటలకు మెలకువ దానంతటదే వస్తున్నది. వంటింట్లో చప్పుడు కోసం వింటూ పడుకుంటున్నాను” అన్నాడాయన. ఆ తరువాత చాలాసేపు ఆమె గురించే చెప్పాడు. కొడుకుల ముందు, తమ్ముళ్ల ముందు నోట రాని మాటలు లైన్ బాక్సు పేరు మీద, కాల్ బాయ్ పేరు మీద బయటికి వచ్చాయి.

భర్త చనిపోయిన స్త్రీకి ధర్మం నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ నిర్ణయించింది. ఆమె దుఃఖానికి లోకంలో ఒక స్థానం ఉన్నది. భార్యను పోగొట్టుకున్న పురుషునికి ఇద్దత్ లేదు. అందువల్ల అతని దుఃఖం కూడా మూడు రోజులలో తీరిపోయిందని మనం అనుకుంటాము. కొద్ది రోజులకే మళ్లీ పెళ్లి ప్రస్తావన తెచ్చే పెద్దలూ ఉన్నారు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. హజ్రత్ ఖదీజా (ర.అన్హా) గతించిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా ఆమెను తలచుకునేవారు. మేకనో గొర్రెనో కోసినప్పుడు ఆమె స్నేహితురాళ్ల ఇళ్లకు భాగాలు పంపేవారు. ఆ సంగతి హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నది.

ఈ విషయం మేము ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం ఉన్నది. ఆ బెంచీ మిత్రులలో ఒకరు, సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు, ఇటీవల కన్నుమూశారు. ఆ వార్త మిత్రులకు ఫోన్ సందేశంగా వచ్చింది. అందరూ ‘ఇన్నాలిల్లాహి’ అని వ్రాశారు, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పావుగంట గడవకముందే ఆ బొమ్మల కిందనే ఎవరో కొత్త ఇంజన్ ఫోటో పంపారు. జనాజాకు ముగ్గురు నలుగురు వెళ్లారు. ఆ తరువాత ఇంటికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. “మేము వారి ఇంటివారికి తెలియదు కదా సాబ్, ఏమని పరిచయం చేసుకుంటాము?” అని వారి సంశయం. ఇరవై ఏళ్ల స్నేహం అది. గడప దాటి లోపలికి ఒక్కసారి కూడా పోలేదు.

ఇంట్లో మరోవైపు కొడుకులు తండ్రి గది ఖాళీ చేయసాగారు. అటక మీద నలభైకి పైగా నోటు పుస్తకాలు దొరికాయి. ప్రతి పేజీలో తేదీ, బండి నంబరు, ఇంజన్ నంబరు, ఎన్ని నిమిషాలు ఆలస్యం. పాత పేపర్ల బండివాడు తూకం వేయడానికి సిద్ధమయ్యాడు. తలుపు వెనుక నుంచి తల్లి వద్దన్నది. “చదువు రాకపోయినా ఆ పుస్తకాలు నాకు తెలుసు, బేటా. ఆయన వ్రాయని రోజులేవో చూడండి” అన్నదట. చూస్తే నిజమే. పెద్దవాడు పుట్టిన రోజున పేజీ ఖాళీగా ఉన్నది. తల్లికి ఆపరేషన్ జరిగిన వారమంతా ఖాళీ. మరొక చోట బండ్ల నంబర్లకు బదులు ‘అమ్మీ’ అని ఉర్దూలో ఒక్క మాట ఉన్నది. అది నాయనమ్మను ఖననం చేసిన తేదీ అని పెద్ద కొడుకు పోల్చుకున్నాడు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) మక్కా దారిలో ఒక ఎడారివాసిని కలిసి, తాను ఎక్కే గాడిదను, తలపాగాను అతనికి ఇచ్చివేసిన సంఘటన పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇంత ఎందుకని వెంట ఉన్నవారు ఆశ్చర్యపడ్డారు. అతని తండ్రి తన తండ్రికి ఆప్తమిత్రుడని ఆయన సమాధానం చెప్పారు. తండ్రి గతించాక ఆయన స్నేహితులతో బంధం నిలుపుకోవడం తండ్రి పట్ల చేసే గొప్ప మేలులలో ఒకటని దైవప్రవక్త (స) బోధించినట్లు కూడా వివరించారు. మనం తండ్రి స్నేహితులంటే మస్జిద్ కమిటీ పెద్దలు, వ్యాపార భాగస్వాములు, బంధువులు అనుకుంటాము. టీ హోటల్ ముందు ఇంజన్ల గురించి వాదించుకునేవారు కూడా ఆ లెక్కలోకి వస్తారని మా అభిప్రాయం. ఆ స్నేహం ఏ లాభం కోసమూ కట్టుకున్నది కాదు కనుక వారికి ఇంకొంచెం ఎక్కువ గౌరవమే దక్కాలి.

అలాగే మిత్రులకూ బాధ్యత ఉన్నది. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (ర) అమరులైనప్పుడు ఆ ఇంటికి వంట చేసి పంపమని దైవప్రవక్త (స) తన వారిని ఆదేశించారు. మన ఊళ్లలో ఇప్పుడు ఇది తలకిందులై, దుఃఖంలో ఉన్న ఇల్లాలే వచ్చినవారికి దేగ్‌లు ఎక్కించవలసి వస్తున్నది. పరిచయం లేదన్న సంకోచం వదిలి, ఒక గిన్నె ఖిచిడీతో వెళ్లి “మేము మీ అబ్బాతో రోజూ కూర్చునేవాళ్లం” అని చెబితే చాలు. ఆ కొడుకులకు తెలియని తండ్రి ఒకరు వారి దగ్గర ఉన్నారు. బయట తండ్రి ఏమని నవ్వేవాడో, తమ గురించి ఏమని చెప్పుకునేవాడో ఆ కొడుకులకు మరెవరు చెబుతారు?

చివరకు ఆ విద్యార్థే చొరవ చేసి అందరినీ వెంటబెట్టుకుని వెళ్లాడు. వెళ్లాక తేలిన విషయాలు చూడండి. గదిలోని హ్యాండ్ సిగ్నల్ దీపం మరణించినవారిది కాదు, మన డ్రైవరు గారిది. పాత టైంటేబుల్ పుస్తకాలు నాలుగు దుకాణదారువి. ఇవన్నీ అమానత్. ఆస్తి పంపకానికి ముందే అసలు యజమానులకు చేరవలసినవి. మిత్రులు రాకపోతే అవి వారసత్వంలో కలిసిపోయేవి, లేదా తూకానికి పోయేవి. వస్తువులు ఎరువు తెచ్చుకునే అలవాటు ఉన్న ప్రతి అభిరుచిపరుడు ఏది ఎవరిదో ఒక కాగితం మీద వ్రాసి భార్యకు తెలిసిన చోట ఉంచాలి. రైల్వే వస్తువును వేలంలో కొన్నవారు ఆ రశీదు కూడా దానితోనే ఉంచాలి.

కుటుంబ పింఛను సంగతి కూడా ఆనాడే తేలింది. భర్త పింఛను తీసుకుంటూ మరణిస్తే భార్యకు సాధారణంగా చివరి వేతనంలో 30 శాతం కుటుంబ పింఛనుగా లభిస్తుంది. కొన్నాళ్లపాటు అంతకంటే హెచ్చుగా కూడా ఉండవచ్చు. పింఛను ఉత్తర్వులో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగా ఉండి, బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీద ఉంటే పని సులభం. ఆ ఇంట్లో ఉత్తర్వులో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు ఉన్నాయి. దరఖాస్తులు ఎలా నింపాలో కొడుకులకు తెలియదు. బెంచీ మీద కూర్చునే వారిలో ముగ్గురు అదే కార్యాలయాల చుట్టూ తిరిగి తమ కాగితాలు సరిచేయించుకున్నవారు. ఆమె ఇద్దత్‌లో ఉన్నది కనుక ఫారాలు ఇంటికే తెచ్చి, సంతకాలు పెట్టవలసిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు.

నోటు పుస్తకాలు ప్రస్తుతానికి అటక మీదనే ఉన్నాయి. మౌలాలి–సనత్‌నగర్ మార్గంలో 2024 మార్చిలో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలైన రోజు పేజీ కావాలని డ్రైవరు గారు అడిగారు. పెద్ద కొడుకు పుస్తకం దింపి చదివి వినిపించాడు. బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమన్న దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది.