అమెరికా పన్ను రిటర్నులు పెండింగ్‌లో ఉన్నాయా? ఎవరికి అప్పగించాలో ఇలా తేల్చుకోండి

అమెరికా నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో స్థిరపడ్డారు. జీతం ఇక్కడే, పన్నూ ఇక్కడే. ఇంకా అమెరికాతో పనేముంది అనుకుంటున్నారా? మీ చేతిలో అక్కడి పాస్‌పోర్టో, గ్రీన్‌కార్డో ఉంటే పని ఉన్నట్టే.

ఎవరు దాఖలు చేయాలి?

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు ఏ దేశంలో ఉన్నా, ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే ఏటా ఫారం 1040 వేయాలి. గ్రీన్‌కార్డు గడువు తీరినంత మాత్రాన ఈ బాధ్యత పోదు. హెచ్‌-1బీపై పనిచేసి పూర్తిగా వచ్చేసినవారికి, ఆ తర్వాతి సంవత్సరాల్లో అమెరికాలో ఆదాయం లేకపోతే సాధారణంగా ఈ బెడద ఉండదు.

అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే మరో నివేదిక ఇవ్వాలి. ‘ఎవరికి తెలుస్తుందిలే’ అనుకోవద్దు. 2015లో భారత్, అమెరికా ఫాట్కా ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాకు పన్ను బాధ్యత ఉన్నవారి ఖాతాల సమాచారం మన బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్ సంస్థల నుంచి అక్కడికి చేరుతోంది.

సరిదిద్దుకునే దారేది?

తెలియక దాఖలు చేయనివారి కోసం అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ‘స్ట్రీమ్‌లైన్డ్’ విధానం పెట్టింది. గత 3 ఏళ్ల రిటర్నులు, 6 ఏళ్ల ఎఫ్‌బార్‌లు ఇచ్చి, పన్ను, వడ్డీ కడితే విదేశాల్లో ఉంటున్న అర్హులకు జరిమానా ఉండదు. ఆ 3 ఏళ్లలో కనీసం ఒక ఏడాది అమెరికాలో నివాసం లేకుండా, 330 పూర్తి రోజులు ఆ దేశం బయట ఉండాలి. ఐఆర్‌ఎస్ మీపై తనిఖీ మొదలుపెట్టాక ఈ అవకాశం దక్కదు.

ఇక్కడ చాలామంది లెక్కల గురించే కంగారు పడతారు. నిజానికి మన దేశంలో కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ దొరుకుతుంది కాబట్టి చాలామందికి కట్టాల్సింది పెద్దగా మిగలదు. అసలు చిక్కు ఫారం 14653తో వస్తుంది. ఇన్నేళ్లు ఎందుకు దాఖలు చేయలేదో, అది ఉద్దేశపూర్వకం కాదని ఎలా చెప్పగలరో అందులో మీరే రాసి సంతకం పెట్టాలి. అబద్ధమైతే నేరం. కావాలనే దాచారని తేలితే ఒక్క ఎఫ్‌బార్ జరిమానాయే ఖాతా నిల్వలో సగం లేదా లక్ష డాలర్లకు పైబడిన మొత్తం, రెండింట్లో ఏది ఎక్కువైతే అంత వరకు పడొచ్చు.

ఎంచుకునే ముందు ఏం అడగాలి?

అర్హత ఏమిటి? ఫీజు తీసుకుని రిటర్ను తయారుచేసే ప్రతి ఒక్కరికీ పీటిన్ నంబరు ఉండాలి. అయితే అది రిజిస్ట్రేషన్ మాత్రమే, ప్రతిభకు గుర్తు కాదు. నోటీసు వస్తే ఏ విషయంలోనైనా ఐఆర్‌ఎస్ ముందు మీ తరఫున నిలబడగలిగేది సీపీఏలు, ఎన్‌రోల్డ్ ఏజెంట్లు, న్యాయవాదులు. మన సీఏ అర్హత ఒక్కటే ఆ హక్కు ఇవ్వదు. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లోని డైరెక్టరీలో పేరు వెతికి చూసుకోండి.

మన పెట్టుబడులు తెలుసా? ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, పీపీఎఫ్ వడ్డీలకు ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంది. మన మ్యూచువల్ ఫండ్లకు ఫారం 8621 నిబంధనలు వర్తిస్తాయి. మన ఏప్రిల్-మార్చి లెక్కను వారి జనవరి-డిసెంబరుకు సర్దాలి. ‘నా ఫండ్లను ఎలా చూపిస్తారు?’ అని అడగండి. వివరాలు చూడకుండానే ‘అవసరం లేదు’ అంటే మరొకరిని చూసుకోండి.

మీ కథ విన్నారా? ఫీజు చెప్పేముందు ‘ఎందుకు వేయలేదు?’ అని అడిగేవారు పని తెలిసినవారు. ‘కారణం మేం రాసేస్తాం, మీరు సంతకం పెట్టండి’ అనేవారు మిమ్మల్ని ఇరికిస్తారు. ‘పాతవి గుట్టుగా పంపేద్దాం’ అన్నా ఒప్పుకోవద్దు. అలా పంపితే స్ట్రీమ్‌లైన్డ్ రక్షణ ఉండదు.

సంతకం పెడతారా? రిటర్నుపై తన పేరు, పీటిన్ వేయనన్నా, రీఫండ్‌లో శాతం అడిగినా దూరంగా ఉండండి. ఎన్నేళ్లకు, ఏయే ఫారాలకు ఎంత ఫీజో రాతపూర్వకంగా తీసుకోండి.

ముందు లాయర్ ఎప్పుడు?

దాఖలు చేయాలని తెలిసీ వేయకపోతే, లేదా ఖాతాలు దాచి ఉంటే, స్ట్రీమ్‌లైన్డ్ మీకు కాదు. అప్పుడు మొదటి ఫోన్ అమెరికా పన్నుల న్యాయవాదికే చేయండి. క్రిమినల్ కేసు దాకా వెళ్తే, సీపీఏతో మాట్లాడినదానికి లాయర్‌తో మాటలకున్నంత గోప్యత ఉండదు.

రిటర్ను ఎవరు తయారుచేసినా, తప్పుకు ఐఆర్‌ఎస్‌కు జవాబు చెప్పాల్సింది మీరే. అందుకే పంపేముందు ఫారం 14653 ప్రతి వాక్యం చదవండి. మీకు జరిగింది జరిగినట్టు అందులో లేకపోతే సంతకం పెట్టకండి.